ఆరు కనుమలు, ఒక డబ్బా పులిహోర

పోయిన నెల నైట్ డ్యూటీలు, పగటి నిద్ర గురించి రాస్తే ఎన్ని వాయిస్ మెసేజ్‌లు వచ్చాయో చెప్పలేను. అందరికీ విడివిడిగా జవాబు ఇవ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. వాటి మధ్యలోనే దోహా నుంచి ఒక చెల్లి అడిగింది: "అక్కా, మీ పాప స్టేటస్‌లో కొండ మీద సైకిల్ పట్టుకుని నిలబడ్డది మీరేనా? పక్కన గొర్రె కూడా ఉంది." అవునమ్మా, నేనే. గొర్రె మాత్రం మాది కాదు. ఈ నెల ఆ ఫోటో కథే చెబుతాను. వంటింట్లో పని ఉంటే చూసుకుని రండి, కొంచెం పెద్దదే.

ముందు నా సంగతి తెలియనివాళ్ళకోసం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. కొండ అంటే సినిమాలో చూడ్డమే, లేకపోతే తిరుపతి వెళ్ళినప్పుడు చూడ్డం. చిన్నప్పుడు కాలవగట్టు మీద సైకిలు తొక్కేదాన్ని. అక్కడ ఎత్తు అంటే వంతెన ఎక్కడమే. ఇప్పుడు ఇంగ్లండులో, లంకాషైర్‌లో ఉంటున్నాం. ఆసుపత్రి వార్డులో నర్సుని. వయసు 47.

2022లో మామూలు రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ 46 వచ్చింది. ఇక్కడి లెక్కలో 42 నుంచి 47 దాకా హద్దు మీద ఉన్నట్టు, 48 అయితే షుగరు వచ్చేసినట్టే. రోజూ పదిమందికి వేలు గుచ్చి షుగరు చూసే నాకు ఆ కాగితం చేతిలో పట్టుకుంటే కాళ్ళు వణికాయి. ఎందుకంటే మా అమ్మకు షుగరు ఇరవయ్యేళ్ళ నుంచి ఉంది. ఒక వేసవిలో కొత్త చెప్పు కరిచి బొబ్బ లేచింది. నొప్పి తెలియలేదు, చూసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎడమకాలి రెండు వేళ్ళు తీసేశారు. ఊళ్ళో వాళ్ళకి "మీ అమ్మాయి నర్సు కదండీ" అని అనడం వచ్చు. అప్పుడు నాకు సెలవు దొరకలేదు. వార్డులో వేరేవాళ్ళ అమ్మల కాళ్ళకు కట్లు కడుతూ, బ్రేకులో వీడియో కాల్‌లో మా అమ్మ కట్టు చూశాను. ఈ మాట మీలో చాలామందికి కొత్తగా చెప్పక్కర్లేదు.

అలా సైకిలు కొన్నాను. పాతదే. మొదట ఇంటి దగ్గర కాలవగట్టు వెంట అయిదు మైళ్ళు. మా వార్డులో ఒక మలయాళీ చేచ్చి ఉంది, నాకంటే అయిదేళ్ళు పెద్ద, అప్పటికే సైకిలు పిచ్చి పట్టినావిడ. ఆవిడ నన్ను కొండలకి తీసుకెళ్ళింది. ఒకసారి పట్టుకుంటే ఇంక వదలదు. ఆవిడ సంగతి కాదు, కొండ సంగతి చెబుతున్నాను.

ఇంగ్లండులో లేక్ డిస్ట్రిక్ట్ అని ఉంది, మీలో చాలామంది సమ్మర్‌లో పిల్లల్ని తీసుకుని పడవ ఎక్కడానికి వెళ్ళి ఉంటారు. అక్కడ సైకిలువాళ్ళు దణ్ణం పెట్టుకునే దారి ఒకటి ఉంది. గ్రాస్‌మియర్ అనే ఊళ్ళో బయల్దేరి, చుట్టూ తిరిగి మళ్ళీ గ్రాస్‌మియర్‌కే రావాలి. 112 మైళ్ళు, అంటే మన లెక్కలో 180 కిలోమీటర్లు. మధ్యలో ఆరు పెద్ద కనుమలు: కర్క్‌స్టోన్, హానిస్టర్, న్యూలాండ్స్, విన్‌లాటర్, హార్డ్‌నాట్, రైనోజ్. చిన్నాచితకా ఎక్కుళ్ళు వేరే. మొత్తం ఎక్కే ఎత్తు కలిపితే మూడున్నర వేల మీటర్ల దాకా ఉంటుంది. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పొద్దుటి నుంచి సాయంత్రం లోపల తిరుపతి నుంచి తిరుమలకి దాదాపు అయిదుసార్లు ఎక్కినట్టు.

ఫ్రెడ్ విట్టన్ అని లేక్స్ రోడ్ క్లబ్‌లో పందాల కార్యదర్శిగా పనిచేసినాయన 1998లో క్యాన్సర్‌తో పోయారు, యాభయ్యేళ్ళకే. ఆయన పేరు మీద 1999 నుంచి ఈ దారిలో మే నెలలో రైడ్ పెడుతున్నారు, దాని మీద వచ్చిన డబ్బు దానధర్మాలకు వెళ్తుంది. వేగం ఉన్నవాళ్ళు ఆరు గంటల లోపే పూర్తి చేసేస్తారు. చోటు దొరకాలంటే లాటరీలో పేరు రావాలి. నా పేరు రాలేదు. చేచ్చి పేరూ రాలేదు. "రోడ్డు ఎవరబ్బ సొత్తూ కాదు, జూన్‌లో మనమే వెళ్దాం" అంది చేచ్చి. జూన్‌లో అక్కడ తెల్లారగట్ల అయిదు కాకముందే వెలుతురు వస్తుంది, రాత్రి పది దాకా ఉంటుంది. నాలాంటి నత్తకి అదే వరం.

మన ఘాట్ రోడ్డు చూసి ఇదీ అలాగే అనుకోకండి. మన ఘాట్ రోడ్లు బస్సు ఎక్కగలిగేలా కట్టినవి. మలుపు మీద మలుపు తిప్పి, వాలు తగ్గించి, నెమ్మదిగా పైకి తీసుకెళ్తాయి. ఇక్కడి కనుమలు గుర్రాలూ గొర్రెలూ నడిచిన దారులు, వాటి మీదే తారు పోశారు. నేరుగా మీదకి లేస్తాయి. హానిస్టర్ దగ్గర బోర్డు మీద 25 శాతం అని ఉంటుంది. హార్డ్‌నాట్ దగ్గర 33 శాతం, అంటే మూడు అడుగులు ముందుకి వెళ్తే ఒక అడుగు పైకి లేస్తుంది. అంత వాలులో కూర్చుని తొక్కితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, నిలబడి తొక్కితే తడి రోడ్డు మీద వెనక చక్రం జారుతుంది. రెంటికీ మధ్య, గడ్డం హ్యాండిల్‌కి ఆనించినంత వంగి, సీటు కొసన కూర్చుని తొక్కాలి. ఎంత అందంగా ఉంటామో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ జూన్‌ది నా రెండో ప్రయత్నం. పోయినేడాది జూన్‌లో నేను ఈ దారి పూర్తి చేయలేదు. ఎక్కడ ఆగానో, ఎందుకు ఆగానో మా గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది.

46 అన్న అంకె చూసిన రోజు నుంచి నాకు తిండి అంటే భయం పట్టుకుంది. అన్నం చూస్తే భయం, అరటిపండు చూస్తే భయం. పోయినేడాది ఆ రైడ్‌కి నేను పట్టుకెళ్ళింది ఏంటో తెలుసా? రెండు ఉడికించిన గుడ్లు, కీరా ముక్కలు, గుప్పెడు బాదం పప్పు. చేచ్చి దారి పొడుగునా తింటూనే ఉంది. నన్ను తినమంటే "నాకు ఆకలి లేదు" అన్నాను. మన నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుంది ఆ మాట! ఇంటికి నలుగురొస్తే అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది గోకుతూ "నాకు ఆకలి లేదులే" అనడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య.

నాలుగు కనుమలు అలాగే దాటాను. ఎన్నర్‌డేల్ బ్రిడ్జ్ దాటాక కోల్డ్ ఫెల్ అని పొడుగాటి ఎక్కుడు ఉంది. పేరుకి తగ్గట్టే చలిగాలి. దాని మధ్యలో నా కాళ్ళు ఆగిపోయాయి. నొప్పి కాదు. స్విచ్ తీసేసినట్టు. చెమట పట్టేసింది, చేతులు వణుకుతున్నాయి. ఇంకా ఎన్ని మైళ్ళు ఉన్నాయో లెక్కవేద్దామంటే 112 లోంచి 75 తీసేయడం రాలేదు నాకు. గడ్డిలో కూలబడ్డాను. అక్కడే ఎందుకో ఏడుపొచ్చింది. చేచ్చి ఏమీ అనకుండా నా నోట్లో జెల్లీ బిళ్ళలు ఒకటి తర్వాత ఒకటి పెట్టింది, వార్డులో మనం పేషెంట్‌కి పెడతాం చూడండి, అలా. వచ్చి కారులో ఎక్కించుకున్నాక మా వారు అన్న మాట ఒక్కటే: "నువ్వు నర్సువి కదా."

నర్సుకి తెలియక కాదు. శరీరం లివర్‌లోనూ కండరాల్లోనూ దాచుకునే పిండిపదార్థం మహా అయితే నాలుగైదు వందల గ్రాములు. ఇలాంటి రోజున అది మధ్యాహ్నానికే అయిపోతుంది. కొవ్వు ఎంతున్నా అది నెమ్మదిగా కాలుతుంది, కొండ ఎక్కడానికి చాలదు. అందుకే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పంపుతూనే ఉండాలి. ఒక అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. కండరం పని చేస్తున్నంతసేపూ ఆ చక్కెరని తీసుకుని వాడేస్తుంది, రక్తంలో ఊరికే పేరుకోనివ్వదు. ఇవన్నీ పేషెంట్లకి చెప్పేదాన్ని. నా విషయానికొచ్చేసరికి పస్తుంటే షుగరు తగ్గుతుందని, ఒంటికి శిక్ష వేస్తే మాట వింటుందని అనుకున్నాను. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. నేను మాత్రలు వేసుకోవడం లేదు. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్ళు నా మాట పట్టుకుని ఏమీ చేయకండి, మీ డాక్టరునీ మీ డయాబెటిస్ నర్సునీ అడగండి.

ఈసారి శుక్రవారం రాత్రి పులిహోర కలిపాను. చింతపండు పులుసు ఎక్కువ వేసి, ఉప్పు ఇంకాస్త ఎక్కువ వేసి, కొంచెం మెత్తగా కలిపి ఉండలు చేసి ఫాయిల్‌లో చుట్టాను. పోపులో ఎండుమిర్చి వేయలేదు, తొక్కుతూ తొక్కుతూ అది పంటికింద పడితే ఇక అంతే. నువ్వులుండలు, ఖర్జూరాలు, ఉప్పు వేసి ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, బెల్లం ముక్కలు. ఒక సీసాలో ఓఆర్‌ఎస్, ఒక సీసాలో నీళ్ళు. మా వారి కారులో ఫ్లాస్కు నిండా మజ్జిగ. ఫోనులో ప్రతి అరగంటకీ గంట మోగేలా పెట్టాను. గంట మోగితే తినాలి, ఆకలి ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. "నువ్వు తిను" అని మనకి ఎవరూ చెప్పరు కదండీ, ఫోనైనా చెబుతుంది.

తెల్లారి అయిదు గంటల లోపే బయల్దేరాం. ఆంబుల్‌సైడ్ దాటి ట్రౌట్‌బెక్ మీదుగా కర్క్‌స్టోన్. ఆరింటిలో ఇదే ఎత్తు, 454 మీటర్లు. కానీ పొద్దుటి పూట కాళ్ళు కొత్తవి, పెద్దగా బాధపెట్టదు. పైనుంచి చూస్తే కింద చిన్న చెరువు, లోయ నిండా పొగమంచు. దిగడం నాకు ఎక్కడంకన్నా భయం. ఎక్కేటప్పుడు పడితే మోకాలు, దిగేటప్పుడు పడితే మరేంటో అనుకోవడం ఇష్టం లేదు. చేచ్చి నేర్పింది ఏంటంటే, రెండు బ్రేకులూ కలిపి వేయాలి, పట్టి పట్టి వదలాలి, సీటు మీద వెనక్కి జరిగి కూర్చోవాలి, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి గానీ మలుపులో కాదు. చెప్పినంత తేలిక కాదు. దిగేసరికి చేతివేళ్ళు ముడుచుకుపోయి వడియాలు పిండినట్టు నొప్పి.

అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున కాసేపు, తర్వాత లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద కాసేపు. కెజిక్‌లో టాయిలెట్‌కి వెళ్ళాం. ఇలాంటివి కూడా చెప్పాలి, మగవాళ్ళు రాసే కథల్లో ఇవి ఉండవు. ఎక్కడెక్కడ పబ్లిక్ టాయిలెట్లు ఉన్నాయో ముందే రాసుకున్నాను, లేనిచోట గొర్రెల దడి గోడలే దిక్కు. మెత్త కుట్టిన సైకిలు నిక్కరు వేసుకోవాలి, దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఒరుసుకోకుండా క్రీము రాసుకోవాలి. ఉగాది ఫంక్షన్‌లో ఒకావిడ నా ఫోటో చూసి "అదేం నిక్కరమ్మా, ఇంట్లో ఏమీ అనరా?" అంది. ఆ నిక్కరు లేకుండా నూట పన్నెండు మైళ్ళు కూర్చుంటే తర్వాత వారం కుర్చీలో కూర్చోలేనండీ, అన్నాను. నాకు నెలసరి ఎప్పుడు వస్తుందో ఎప్పుడు రాదో తెలియని వయసు, ఆ రోజున కూడా బ్యాగులో సరంజామా అంతా పెట్టుకునే వెళ్ళాను.

కెజిక్ దాటాక బారోడేల్ లోయ. ఇంగ్లండులో మనుషులు ఉంటున్న ఊళ్ళలో అన్నిటికంటే ఎక్కువ వాన పడే సీత్‌వెయిట్ అక్కడే ఉంది. ఏటా మూడు వేల మిల్లీమీటర్లకు పైనే, మన గోదావరి జిల్లాలకి దాదాపు మూడింతలు. ఆ రోజు మాత్రం వానదేవుడు దయ తలిచాడు, సన్నటి తుంపరతో సరిపెట్టాడు. లోయ చివర సీటోలర్ ఊరు, ఊరు దాటిన వెంటనే హానిస్టర్. గోడలా లేస్తుంది. నా సైకిలుకి ముందు పళ్ళచక్రం చిన్నది, వెనకది పెద్దది వేయించుకున్నాను, అయినా గంటకి నాలుగు కిలోమీటర్లు, నడకతో సమానం. ఒక పెద్దాయన కుక్కని పట్టుకుని నడుస్తూ నా పక్కనే వచ్చాడు. ఇద్దరం కబుర్లు చెప్పుకోవచ్చు, నా దగ్గర ఊపిరి ఉంటే.

పైన పలకరాయి గని ఉంది. అక్కణ్ణించి బటర్‌మియర్‌కి దిగుడు. బటర్‌మియర్‌లో మా వారు కారు ఆపుకుని, ఫ్లాస్కు మూత తీసి నిలబడి ఉన్నారు. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ ఆ చలిలో తాగితే ఎలా ఉంటుందో తాగినవాళ్ళకే తెలుస్తుంది. చేచ్చి కూడా రెండు గ్లాసులు తాగి "సంభారం" అంది, వాళ్ళ భాషలో మజ్జిగ అదే. ఊపిరి పీల్చుకునేలోపే చర్చి పక్కనుంచి న్యూలాండ్స్ మొదలు. పైన జలపాతం ఉంటుంది, ఫోటో తీసుకుంటారు అందరూ, ఫోటో వంకతో ఆగుతారు, మేమూ అంతే. తర్వాత విన్‌లాటర్, అడవిలోంచి వెళ్తుంది, పోల్చి చూస్తే మంచి మనసున్న కనుమ. గంటలు మోగుతున్నాయి, నేను తింటున్నాను. మూడో పులిహోర ఉండ విన్‌లాటర్ పైన.

కోల్డ్ ఫెల్ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పోయినేడాది కూలబడ్డ చోటు నాకు బాగా గుర్తు, రాతిగోడ ఒకచోట కూలి ఉంటుంది. గుండె దడదడలాడింది. అక్కడికి రాకముందే గంట మోగకపోయినా ఆగి ఒక నువ్వులుండ, రెండు ఖర్జూరాలు తిన్నాను. చేచ్చి చూసి నవ్వింది గానీ ఏమీ అనలేదు. ఆ చోటు దాటిపోయాను. దాటాక వెనక్కి తిరిగి చూసుకున్నాను, అదే గోడ, అవే గొర్రెలు. ఇక్కడి హెర్డ్‌విక్ గొర్రెలకి పిల్లలు నల్లగా పుట్టి పెద్దయ్యేకొద్దీ బూడిద రంగుకి మారతాయి, అన్నీ రోడ్డు మధ్యలోనే పడుకుంటాయి. పైనుంచి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సెలాఫీల్డ్ అణుకేంద్రం కనబడతాయి. ఇంత అందం పక్కన అదేంటో అనిపిస్తుంది.

కాల్డర్ బ్రిడ్జ్‌లో మా వారు మళ్ళీ కలిశారు. అక్కడ చిన్న గొడవ. ఆయన హార్డ్‌నాట్ మీదుగా కారు నడపనన్నారు. ఒక్క కారు పట్టే రోడ్డు, ఎదురుగా ఎవరైనా వస్తే ఆ వాలులో వెనక్కి పోవాలి. చుట్టూ తిరిగి గ్రాస్‌మియర్ వెళ్ళి అక్కడ కూర్చుంటానన్నారు. ఆ లోయల్లో ఫోను సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. అంటే ఇక్కణ్ణించి చివరిదాకా మేమిద్దరమే. "ఇక్కడితో చాల్లే, ఎనభై మైళ్ళు అంటే మాటలా, ఎవరికి నిరూపించాలి?" అన్నారు. కోపం రాలేదు, ఆయన గొంతులో పోయినేడాది భయం ఉంది. "నా చేతులు చూడండి" అని చాచాను. వణకడం లేదు. ఆయన చూసి, కారులోంచి ఇంకో రెండు అరటిపండ్లు తీసి నా జేబులో పెట్టారు.

హార్డ్‌నాట్ పాదం దగ్గరికి అయిదింటికి చేరాం. అప్పటికే దాదాపు నూరు మైళ్ళు కాళ్ళలో ఉన్నాయి. ఈ దారి దుర్మార్గం అదే, అన్నిటికంటే నిట్టనిలువు కనుమని చివర్లో దాచిపెట్టింది. మొదటి మలుపులు సగం తొక్కాను. తర్వాత దిగాను. దిగి తోశాను. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, మొత్తం మూడుచోట్ల దిగాను. నేను కిందపడకుండా దిగగలిగాను, అదే గొప్ప, కొందరు పెడల్‌లోంచి బూటు ఊడక సైకిల్‌తో సహా పక్కకి ఒరిగిపోతారు. అందుకే నేను అతుక్కునే బూట్లు వేసుకోను, నడిచే బూట్లే. అవి కూడా ఆ రోజు నా మడమని కరిచాయి.

ఎక్కుడు మధ్యలో కాస్త చదునైన చోట రోమన్ల కోట ఉంది, రాతిగోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటిది, హేడ్రియన్ చక్రవర్తి కాలం. అక్కడ కాపలా ఉన్న సైనికులు డాల్మేషియా నుంచి వచ్చినవాళ్ళు, అంటే ఇప్పటి క్రొయేషియా సముద్రతీరం. ఎండకాసే సముద్రం ఒడ్డున పుట్టి, ఈ వానలో, ఈ గాలిలో డ్యూటీ చేశారు. వాళ్ళ అమ్మలకి కబురు ఎన్నాళ్ళకి అందేదో! గోడకి ఆనుకుని నాలుగో ఉండ తిన్నాను. "వాళ్ళకి కూడా ఏజెన్సీవాళ్ళు జాగా బాగుంటుందని చెప్పే తెచ్చుంటారు" అంది చేచ్చి. నవ్వితే పక్కటెముకలు నొప్పి.

పైకి చేరేసరికి ఆరు. అటువైపు దిగుడు ఇంకా ఘోరం, రోడ్డు గుంతలు గుంతలుగా ఉంటుంది, మలుపు తర్వాత రోడ్డు కనబడదు. రెండు మలుపులు సైకిల్ పట్టుకుని నడిచే దిగాను. కింద చదును, వాగు, తర్వాత రైనోజ్. రైనోజ్ గురించి నాకు ఏమీ గుర్తులేదు, నిజంగా. చేచ్చి పాట పాడుతోంది, మలయాళంలో, అది గుర్తుంది. ఎనిమిది దాటి పావుగంటకి గ్రాస్‌మియర్. మొత్తం పదిహేను గంటల పైన. మా వారు రోడ్డు మీదకి వచ్చి నిలబడి ఉన్నారు, ఎంతసేపటి నుంచో అడగలేదు. అక్కడి జింజర్‌బ్రెడ్ చాలా పేరున్నది, ఆ వేళకి కొట్టు కట్టేశారు, అల్లం వాసన మాత్రం మా ఫ్లాస్కులో మిగిలింది.

ఇక అమ్మ సంగతి. ఆ శనివారం నాకు డ్యూటీ అని అమ్మకి అబద్ధం చెప్పాను. చెబితే నిద్ర పోదు, రోజంతా దేవుడి గదిలోనే కూర్చుంటుంది. మా పాప ఫోటో పెట్టింది, దోహా చెల్లి చూసినట్టే భీమవరంలో అమ్మ కూడా చూసింది. ఆదివారం పొద్దున్నే ఫోను.

"డ్యూటీ కొండ మీద వేశారా నీకు?" అంది.

నేను నోరెత్తలేదు. బుద్ధుందా, ఈ వయసులో, పెళ్ళికెదిగిన పిల్ల ఉండగా, పడితే ఎవరు చూస్తారు, అని పది నిమిషాలు. విన్నాను. పోయిన నెలలో చేసిన పరీక్షలో 40 వచ్చిందని చెప్పాను. అదంతా సైకిలు వల్లే అనను, రాత్రిపూట అన్నం తగ్గించాను, భోజనం అయ్యాక నడుస్తున్నాను. అమ్మ ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత "దారిలో ఏం తిన్నావు?" అంది. పులిహోర అన్నాను. "ఇంగువ వేశావా?" అంది. వేశానన్నాను. కాసేపు అటునుంచి ఫ్యాను చప్పుడే వినబడింది.

"ఫోను కిందకి తిప్పు" అంది.

"ఎందుకమ్మా?"

"కాళ్ళు చూపించు. రెండూ."

తిప్పాను. మడమ మీద బొబ్బ కనబడింది ఆవిడకి. ఎప్పుడు లేచింది, నొప్పి తెలుస్తోందా, గట్టిగా నొక్కి చూడు, ఏం రాశావు అని వరసపెట్టి అడిగింది, వార్డులో నేను అడిగేవన్నీ. నొప్పి తెలుస్తోందమ్మా, బాగా తెలుస్తోంది, అన్నాను. "సరే, వేళ్ళ సందుల్లో కూడా చూపించు" అంది. ఒక్కొక్క వేలూ విడదీసి కెమెరా దగ్గరగా పెట్టి చూపించాను.